అయ్యోరి నోట్‌బుక్కులో నాలుగు అమ్మోనియాలు

"నాయనా, ఒకే తొట్టి నీళ్లకు నా దగ్గర నాలుగు జవాబులు ఉండాయి. లెక్కల్లో ఇట్లాంటిది ఒప్పుకోం."

ఫోన్ చేసినాయన తిరుపతి పద్మావతీపురంలో ఉండే రిటైర్డ్ లెక్కల అయ్యోరు. ఏప్రిల్ మూడో వారం, బుధవారం మధ్యాహ్నం. ఆయన తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను నీళ్లు 210 లీటర్లు. పెట్టి పద్నాలుగు నెలలైంది. ఆరు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు, రెండు సక్కర్ చేపలు ఉండేవి. అంతకు ముందు శనివారం ఒక ఒరాండా పోయింది. మిగిలినవి కొన్ని సాయంత్రాలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి, కొన్ని సాయంత్రాలు ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి.

నేను నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల ల్యాబులో ఆరేళ్లు నీళ్లు పరీక్ష చేసినవాణ్ణి. ఇప్పుడు తిరుపతిలో ఇళ్లల్లో, హోటళ్లలో అక్వేరియంలు చూసుకుంటా ఉన్నాను. "రీడింగులు కుదరడం లేదు" అని పిలిచేవాళ్లు నెలకు ఇద్దరైనా ఉంటారు. వాళ్లలో సగం మంది వాట్సాప్‌లో ట్యూబు ఫోటో పెట్టి "ఎంతుందన్నా?" అని అడుగుతారు. ఫోన్ కెమెరా తన ఇష్టం వచ్చినట్టు రంగు సర్దుతుంది. ఆ ఫోటో చూసి అంకె చెప్పడమంటే చిలక జోస్యమే. అయ్యోరు అట్లాంటి మనిషి కాదు. ఆయన దగ్గర నోట్‌బుక్కు ఉంది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ఆయన కొలిచేది అమ్మోనియా, చేపల వ్యర్థం నుంచి నీళ్లలోకి వచ్చే విషం. నోట్‌బుక్కులో ఆ వారం ఇట్లా ఉంది. అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాములు.

ఆదివారం సాయంత్రం 6: చుక్కల కిట్టు 0.25, స్ట్రిప్ 0, బ్యాడ్జి పసుపు. చేపలు బాగున్నాయి.
సోమవారం ఉదయం 7: కిట్టు 0.5, స్ట్రిప్ 0, బ్యాడ్జి పసుపు. బాగున్నాయి.
సోమవారం సాయంత్రం 6: కిట్టు 0.5, స్ట్రిప్ 0, బ్యాడ్జి ఆకుపచ్చ. నోరు తెరుస్తున్నాయి.
మంగళవారం సాయంత్రం 6: కిట్టు 0.5, బ్యాడ్జి ఆకుపచ్చ. నోరు తెరుస్తున్నాయి. రాత్రి సగం నీళ్లు మార్చి, కండిషనర్ రెండింతలు.
బుధవారం ఉదయం 10: అంగట్లో పరీక్ష 2. ఇంట్లో కిట్టు 0.25. బ్యాడ్జి పసుపు. చేపలు బాగున్నాయి.

ఇందులో చుక్కల కిట్టు అంటే ట్యూబులో నీళ్లు పోసి రెండు సీసాల నుంచి చుక్కలు వేస్తే పసుపు నుంచి ఆకుపచ్చకు మారేది, శాలిసిలేట్ పద్ధతి. బ్యాడ్జి అంటే బెంగళూరులో ఉండే కూతురు పంపిన చిన్న బిళ్ల, తొట్టి లోపల గాజుకు అంటించి ఉంచుతారు. స్ట్రిప్ అంటే నీళ్లలో ముంచితే రంగు మారే పట్టీ. అక్వేరియం సామాన్లమ్మే అంగట్లో వాడింది ఒకే సీసా కిట్టు, పసుపు నుంచి నారింజకు మారేది, నెస్లర్ పద్ధతి. కండిషనర్ అంటే నీళ్లలోని క్లోరిన్‌ను, అమ్మోనియాను కట్టేసే మందు, బైండర్ అన్నా ఇదే.

ఫోన్లోనే నేనొక తప్పు చేశాను. "పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు చూపిస్తే ఆ బ్యాడ్జి పాడైందన్నమాట, తీసి పడేయండి అయ్యోరూ" అన్నాను. ఆయన పడేయలేదు. "డబ్బు పెట్టి కొనింది" అన్నాడు. ఆ పిసినారితనమే కేసును సగం తేల్చింది. నాలుగింటిలోకీ నిజం చెప్తున్నది ఆ బిళ్లే.

గురువారం సాయంత్రం ఐదుకు వెళ్లాను. తొట్టిని ముట్టుకోలేదు. ముందు కిట్టును పరీక్ష చేయాలి, ఆ తర్వాతే తొట్టిని. చెరువు గట్టు మీదయినా హాల్లో అయినా నా పద్ధతి ఇదే. కిట్టు పెట్టె ఎక్కడుందని అడిగితే తొట్టి మూత మీద నుంచి తీసిచ్చాడు. మూత కింద లైట్లు, పక్కన పడమటి కిటికీ. ఏప్రిల్ ఎండ. పెట్టె చేతికి వెచ్చగా తగిలింది. శాలిసిలేట్ కిట్టులో ఒక సీసాలో ఉండేది దాదాపు బ్లీచింగ్ ద్రావణమే, హైపోక్లోరైట్. బ్లీచింగ్ పౌడరు డబ్బా మూత తీసి ఎండలో పెడితే ఘాటు ఎట్లా పోతుందో, వేడిలో ఇదీ అంతే. ఎక్స్‌పైరీ తేదీ ఇంకా ఏడాది ఉంది. నీడలో ఉంచిన సీసాకే ఆ తేదీ లెక్క, లైటు మీద కాగిన సీసాకు కాదు.

నా సంచిలో ఎప్పుడూ రెండు రకాల నీళ్లు ఉంటాయి. ఒకటి అమ్మోనియా అసలు లేనిది. ఇందుకు మెడికల్ షాపులో దొరికే ఇంజెక్షన్ నీళ్లను మించింది లేదు. పది మిల్లీలీటర్ల బుడ్డి, రెండు ట్యూబులకు సరిగ్గా సరిపోతుంది. రెండోది ఎంత ఉందో ముందే తెలిసినది. ల్యాబు రకం అమ్మోనియం క్లోరైడ్ 3.82 గ్రాములు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే, నైట్రోజన్ లెక్కన లీటరుకు 1000 మిల్లీగ్రాములు. దాంట్లో ఒక మిల్లీలీటరు సిరంజితో తీసి ఇంకో లీటరు నీళ్లలో కలిపితే 1. రెండు తీస్తే 2. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం ఇదే పదార్థం. కానీ దాంట్లో ఏమేం కలిసుంటాయో చెప్పలేం, కొలతకు పనికిరాదు.

ఆరు ట్యూబులకు ప్లాస్టర్ ముక్కలు అంటించి అంకెలు వేశాను. ఏది ఏ నీళ్లో అయ్యోరికి చెప్పలేదు. ఆయన కిట్టుతోనే ఆయన చేతే చేయించాను. అమ్మోనియా లేని ఇంజెక్షన్ నీళ్లు పోసిన ట్యూబు ఒకటి (దీన్నే ఖాళీ ట్యూబు అంటాను), 0.5, 1, 4 ఉన్నవి, తొట్టి నీళ్లు, మళ్లీ ఇంకో ఖాళీ. సీసా తలకిందులుగా నిటారుగా పట్టుకోమన్నాను. వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, ఎనిమిది చుక్కలు వేసినా ఎనిమిది కాదు. ఐదు నిమిషాలు గడియారం చూసి ఆగాం. హాల్లో బల్బు కింద కిట్టుతో వచ్చిన రంగుల కార్డు పక్కన పెట్టి చదివాడు.

రెండు ఖాళీ ట్యూబులకూ "0.25" అని రాశాడు.

"ఈ రెండిట్లో అసలు అమ్మోనియా లేదు అయ్యోరూ" అంటే నమ్మలేదు. వరండాలోకి తీసుకుపోయి తెల్ల కాగితం మీద పెట్టాం. అప్పుడు చూసి "సున్న" అన్నాడు. హాల్లో పసుపు ఎల్ఈడీ. ఆ వెలుతురులో మామూలు పసుపు ట్యూబు కూడా కాస్త ఆకుపచ్చ కలిసినట్టు కనిపిస్తుంది. అంటే ఆయన నోట్‌బుక్కులో ఉన్న ప్రతి 0.25 మీదా అనుమానమే. కొన్ని సున్నలు, కొన్ని నిజంగా పావు, కొన్ని అర. ఏది ఏదో చెప్పడం ఇప్పుడు కుదరదు.

వరండా వెలుతురులో మిగతావి చదివితే 0.5 ఉన్నదాన్ని ఆయన కిట్టు 0.25గా చూపించింది. 1 ఉన్నదాన్ని 0.5గా. అయ్యోరి మొహం వెలిగిపోయింది. "అయితే రెండుతో గుణిస్తే సరి! కొత్తది కొనే పని లేదు." అప్పుడు నాలుగు ఉన్న ట్యూబు తీసి చూపించాను. దాని రంగు 1 దగ్గరే ఆగిపోయింది. సత్తా తగ్గిన సీసా ఉన్న అమ్మోనియా అంతటికీ రంగు తేలేదు. తక్కువ ఉన్నప్పుడు సగం, ఎక్కువ ఉన్నప్పుడు పావు. ప్రమాదం పెరిగేకొద్దీ అబద్ధమూ పెరుగుతుంది. ఆయన ట్యూబును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. "ఇది సరళరేఖ కాదు" అన్నాడు, ఎవరో మాట తప్పినట్టు.

తొట్టి నీళ్లు ఆయన కిట్టుతో 0.5. నా కిట్టుతో 1.

స్ట్రిప్ గురించి ఎక్కువ చెప్పే పని లేదు. డబ్బా మూత సరిగ్గా బిగించలేదు, మెత్తలన్నీ చెమ్మకు రంగు తేలిపోయి ఉన్నాయి. నా 4 నీళ్లలో ముంచినా 0 చూపించింది. చెత్తబుట్టలో వేశాం.

అంగట్లో వచ్చిన 2 సంగతి వేరు. దానికోసం శుక్రవారం పొద్దున అయ్యోరితో కలిసి అంగడికి పోయాం. రెండు చిన్న సీసాలు తీసుకుపోయాను. ఒకదాంట్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్. రెండోదాంట్లో అదే నీళ్లలో అయ్యోరు వాడే కండిషనర్, మంగళవారం రాత్రి వేసిన రెండింతల మోతాదులో. అమ్మోనియా రెండిట్లోనూ సున్న. అంగడి కుర్రాడు అక్కడే తన కిట్టుతో చేశాడు. ఉత్త నీళ్లు లేత పసుపు. కండిషనర్ నీళ్లు మసకబారిన నారింజ. "ఒకటికీ రెండుకూ మధ్యలో ఉండాదన్నా" అన్నాడు. దాంట్లో అమ్మోనియా లేదని చెప్తే, నిన్నటినుంచి ఎంతమందికి ఎన్ని బైండర్లు అమ్మినానో అని తల పట్టుకున్నాడు.

క్లోరిన్‌ను, అమ్మోనియాను కట్టేసే కండిషనర్లలో ఉండే పదార్థాలు నెస్లర్ ద్రావణంతో కూడా కలబడతాయి. అమ్మోనియా లేకున్నా రంగు వస్తుంది. నీళ్లు మరీ కఠినంగా ఉంటే మసక కూడా తేలుతుంది. కండిషనర్ వేసిన ఒకటి రెండు రోజుల్లో నెస్లర్ రీడింగును నేను లెక్కలోకే తీసుకోను. ఇంకో మాట. నెస్లర్‌లో పాదరసం ఉంటుంది. పరీక్ష అయిన నీళ్లను సింకులోనో పూలకుండీలోనో పోయకూడదు, వేరే సీసాలో పట్టి ఉంచాలి. ఆ కుర్రాడు అంగడి ముందు కాలువలో పోస్తున్నాడు.

శాలిసిలేట్ కిట్టు విషయంలో జనం ఇంకోలా బోర్లా పడతారు. బైండర్ వేసినా అమ్మోనియా తొట్టిలోనే ఉంటుంది, విషం కాని రూపంలో కొన్నాళ్లు కట్టుబడి ఉంటుంది. ఈ కిట్టు దాన్ని కూడా లెక్కేస్తుంది. రీడింగు తగ్గలేదని మళ్లీ వేస్తారు, మళ్లీ వేస్తారు. వేసిన కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ కూడా తగ్గే ప్రమాదం ఉంది. తెల్లమచ్చలకు ఫార్మలిన్ కలిసిన మందు వేసిన తొట్టిలో దీనికి తిరగబడి, ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. అందుకే "గత వారంలో నీళ్లలో ఏమేం పోశారు?" అన్నది నా మొదటి ప్రశ్న. నిజం మూడోసారి అడిగితే గానీ బయటికి రాదు.

ఇక బ్యాడ్జి. గురువారం సాయంత్రం ఆరుకు అది ఆకుపచ్చగా ఉంది. పీహెచ్ చూశాను, 8.3. నీళ్ల వేడి 31 డిగ్రీలు. శుక్రవారం పొద్దున ఆరున్నరకు మళ్లీ వెళ్లాను. పీహెచ్ 7.6, వేడి 29. మొత్తం అమ్మోనియా నా కిట్టుతో అప్పుడూ 1 దగ్గరే. బ్యాడ్జి మాత్రం పసుపు.

నీళ్లలో అమ్మోనియా రెండు వేషాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నంతవరకు చేపకు పెద్ద హాని లేదు. ఫ్రీ అమ్మోనియాగా మారినప్పుడే మొప్పల్లోంచి లోపలికి దూరుతుంది. ఎంత పాలు ఏ వేషంలో ఉందన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. పీహెచ్ 7.6, 29 డిగ్రీల దగ్గర మొత్తంలో సుమారు నూటికి 3 పాళ్లు ఫ్రీ అమ్మోనియా. 8.3, 31 దగ్గర 14 దాటుతుంది. అవే నీళ్లు, అదే 1. పొద్దున విషం 0.03, సాయంత్రం 0.14 పైన. నేను 0.02 దాటితే కన్నేసి ఉంచుతాను, 0.05 దాటితే పని మొదలుపెడతాను. చుక్కల కిట్టు మొత్తాన్ని చూపిస్తుంది. బ్యాడ్జి ఫ్రీ అమ్మోనియాను మాత్రమే చూపిస్తుంది. నేను ఫోన్లో "పాడైంది" అన్నది ఆ ఇంట్లో చేపల ప్రాణం ఎప్పుడు మీదికొస్తుందో సరిగ్గా చెప్పే ఒకే ఒక్క వస్తువును. అయ్యోరికి ఆ మాటే చెప్పాను. "పరవాలేదులే, పడేయలేదు గదా" అన్నాడు.

ఒక పూటలో పీహెచ్ అంత ఎగబాకడానికి కారణం తొట్టి వెనక గాజుకు పట్టిన పాచి. పడమటి ఎండ తగులుతుంటే అది పగలంతా నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీలుస్తుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి చేపలు, పాచి, బ్యాక్టీరియా అంతా కలిసి తిరిగి వదులుతాయి, పీహెచ్ దిగుతుంది. పైగా ఆయన మార్చేది బోరు నీళ్లతో. మోటారు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లు 7.3 ఉన్నాయి. అవే నీళ్లు బకెట్లో గాలి రాయి వేసి రాత్రంతా ఉంచితే 8.2. భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ గాలికి పోయింది, అంతే. మంగళవారం రాత్రి సగం తొట్టి మార్చినప్పుడు అమ్మోనియా సగమైంది, బైండర్ పడింది, పీహెచ్ కూడా తాత్కాలికంగా దిగింది. బుధవారం చేపలు బాగుండటానికి ఇవి మూడూ కారణం. అంగట్లో 2 వచ్చిన రోజే చేపలు హాయిగా ఉండటం అయ్యోరిని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది. నోట్‌బుక్కులో ఆ వరుస కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

రీడింగుల గొడవ తేలింది. కానీ పద్నాలుగు నెలల తొట్టిలో అమ్మోనియా అసలు ఎందుకుండాలి?

ఇక్కడ అయ్యోరి లెక్క పనికొచ్చింది. రొయ్యల ల్యాబులో మేం వాడే సూత్రం ఒకటుంది. రోజు మేత బరువును, దాంట్లో ప్రొటీన్ పాలును గుణించి, 0.092తో గుణిస్తే ఆ రోజు నీళ్లలోకి వచ్చే అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది. ఉజ్జాయింపే, కానీ మోసం చేయదు. మేత డబ్బా మీద ప్రొటీన్ 35 శాతం అని ఉంది. రోజుకు ఎంత వేస్తున్నారంటే "చిటికెడు, మూడుసార్లు" అన్నాడు. ఆ చిటికెళ్లను వంటింటి డిజిటల్ త్రాసులో వేయించాం. 6 గ్రాములు. లెక్కల అయ్యోరి చిటికె పెద్దదే. 6ను 0.35తో, 0.092తో గుణిస్తే 0.193 గ్రాములు, అంటే 193 మిల్లీగ్రాములు. 210 లీటర్లకు పంచితే లీటరుకు 0.92. పెన్సిలుతో ఆయనే వేశాడు.

అంటే బ్యాక్టీరియా ఏమీ తినకపోతే ఈ తొట్టిలో రోజుకు దాదాపు 1 చొప్పున పెరగాలి. పూర్తిగా తింటే ఎప్పుడూ సున్న ఉండాలి. ఈ తొట్టి ఆదివారం తక్కువతో మొదలై సోమ, మంగళవారాల్లో ఎగబాకుతోంది. రెండు కిట్లు కొట్లాడుకుంటున్నప్పుడు ఈ లెక్క మధ్యవర్తి. రోజుకు 193 మిల్లీగ్రాములు పడే చోట, చేపలు నోరు తెరుస్తుంటే, స్ట్రిప్ "0" అంటే ఎవరు అబద్ధమాడుతున్నారో తెలిసిపోతుంది. ఇంకోటి కూడా తెలుస్తుంది. ఆదివారం ఏదో జరుగుతోంది.

అడిగితే "ఏమీ లేదు నాయనా, వారం వారం శుభ్రం చేస్తా" అన్నాడు. అంతకుముందు నెలకోసారి ఒకబ్బాయి వచ్చి చేసేవాడంట. మార్చి నుంచి మానేశాడు. అప్పటినుంచి అయ్యోరే చూసుకుంటున్నాడు.

జవాబు మిద్దె మీద దొరికింది. నేను పైకి ఎక్కింది సంపు నీళ్లు, బోరు నీళ్లు ఒకే ట్యాంకులో కలుస్తున్నాయా అని చూడటానికి. అయ్యోరి భార్య, ఆ ఇంటి అమ్మ, అక్కడ పాత పంచె పరిచి వడియాలు పెట్టింది. పంచె అంచున నాలుగు నల్లటి చదరపు మరకలు ఉన్నాయి. అరచేయంత ఒక్కోటి, అంచులు తిన్నగా, అచ్చు వేసినట్టు.

"ఇవేందమ్మా?"

"ఏముందబ్బయా, ఆయన ఫిల్టరు స్పాంజీలు. ఆదివారం వస్తే కొళాయి కింద రుద్ది రుద్ది కడిగి ఈడ ఆరేస్తాడు. సాయంత్రానికి అప్పడాల మాదిరి అయిపోతాయి. నా వడియాలకు కూడా చేపల కంపు పట్టించినాడు. చెప్పినా ఇనడు."

చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజీలోనే. ఆ గోధుమరంగు జిగట మురికి కాదు, తొట్టికి అదే మూత్రపిండం. దాన్ని క్లోరిన్ ఉన్న కార్పొరేషన్ నీళ్లతో జిగట పోయేదాకా కడగడమే చెరుపు. ఆపైన ఏప్రిల్ ఎండలో సిమెంటు మిద్దె మీద ఎనిమిది గంటలు! రాళ్ల మీద, గాజు మీద ఉన్న కాస్త బ్యాక్టీరియాతో తొట్టి బండి లాక్కొస్తోంది. వారం చివరికి స్పాంజీలో ఏదో కొంచెం మొలకెత్తేలోపు మళ్లీ ఆదివారం వచ్చేది.

ఈ మాట అయ్యోరికి చెప్పడం కష్టమైంది. శుభ్రం చేయడం వల్లే చేప చచ్చిందని ఎట్లా చెప్తాం? అమ్మ మాత్రం తడుముకోలేదు. మెట్లమీద నుంచే కేకేసి చెప్పింది.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం. మేత 6 గ్రాముల నుంచి 2కు దించాను. అదే లెక్కన రోజుకు వచ్చే అమ్మోనియా 0.3కు పడిపోతుంది. ఖర్చు లేని మందు, ఇంతకంటే వేగంగా పనిచేసేది ఇంకోటి నాకు తెలియదు. పెద్ద ఒరాండాలు వారం రోజులు అరకడుపుతో ఉన్నా ఏమీ కాదు. రోజూ 60 లీటర్ల నీళ్లు మార్చమన్నాను, బోరు నీళ్లు ముందురోజే డ్రమ్ములో పట్టి గాలి మోటారు పెట్టినవి. పీహెచ్ ఎక్కువున్నా ఫరవాలేదు, పూటపూటకూ మారకపోవడం ముఖ్యం. పడమటి కిటికీకి తెర. వెనక గాజు పాచి గీకేశాం. బైండర్ తొట్టి మొత్తానికి ఒక్క మోతాదు, అదీ బ్యాడ్జి ఆకుపచ్చగా ఉన్న సాయంత్రం మాత్రమే. నా దగ్గర రెండేళ్లుగా జబ్బు ఎరగని తొట్టి ఒకటుంది, దాని స్పాంజీ ఒకటి తడి ఆరకుండా కవర్లో తెచ్చి ఫిల్టరులో పెట్టాను. అంగట్లో తొట్టి నుంచి మాత్రం ఇట్లా ఎప్పుడూ తేను. బ్యాక్టీరియాతో పాటు ఇంకేం వస్తుందో ఎవరికి తెలుసు.

నైట్రైట్ కూడా చూశాను, 0.5 ఉంది. స్పాంజీ ఎండినప్పుడు రెండో రకం బ్యాక్టీరియా కూడా పోయింది కదా. అమ్మోనియా తగ్గేకొద్దీ నైట్రైట్ పెరుగుతుందని ముందే తెలుసు కాబట్టి 210 గ్రాముల ఉప్పు, అయోడిన్ కలపని కల్లుప్పు, కరిగించి పోశాం. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి రానివ్వదు. అనుకున్నట్టే ఐదో రోజుకు నైట్రైట్ 1కి ఎక్కింది. చేపలకు తెలిసినట్టే లేదు.

అయ్యోరి నోట్‌బుక్కుకు కొత్త గడులు వేశాం: గంట, పీహెచ్, వేడి, చివరిసారి నీళ్లలో ఏం పోసింది, ఎవరు చదివారు. కొత్త కిట్టు కొన్నాడు. దాని ఇల్లు ఇప్పుడు పూజగది పక్కన చీకటి అలమర. రోజూ సాయంత్రం ఆరుకే, వరండాలోనే, తెల్ల కాగితం మీదే. వారానికోసారి ఇంజెక్షన్ నీళ్లతో ఒక ఖాళీ ట్యూబు. రెండు కిట్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు కార్డు మీద యూనిట్ చూడమని కూడా చెప్పాను. ఒక కంపెనీ నైట్రోజన్ లెక్కన రాస్తుంది, ఇంకో కంపెనీ అమ్మోనియం లెక్కన. నైట్రోజన్‌గా 1 అంటే అమ్మోనియంగా సుమారు 1.3. ఈ కేసులో దాని పాత్ర చిన్నదే. అంతకంటే పెద్ద అబద్ధాలు ముందు నిలబడ్డాయి.

శుక్రవారం 1. శనివారం, ఆదివారం 0.5కూ 1కీ మధ్య. ఆ ఆదివారం అయ్యోరు స్పాంజీ తీయలేదు, కానీ రెండుసార్లు ఫిల్టరు మూత తెరిచి చూశాడని అమ్మ చెప్పింది. నాలుగో రోజు 0.5. బ్యాడ్జి ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఆకుపచ్చ కాలేదు. తొమ్మిదో రోజు సున్న. నైట్రైట్ పందొమ్మిదో రోజుకు సున్న. మేతను 2 నుంచి మూడు గ్రాములకు, ఆ తర్వాత నాలుగుకు పెంచాం. అక్కడే ఆపేశాం. ఐదు ఒరాండాలకు, రెండు సక్కర్లకు ఆరు గ్రాములు ఎప్పుడూ ఎక్కువే. స్పాంజీలు ఇప్పుడు రెండు, వంతులవారీగా మూడు వారాలకొకటి. నీళ్లు మార్చేటప్పుడు తీసిన తొట్టి నీళ్లలోనే బకెట్లో నాలుగుసార్లు పిసికి, తడిగానే తిరిగి పెట్టేయడం.

ఇరవై మూడో రోజు రాత్రి మళ్లీ ఫోన్. "నాయనా, 0.5 వచ్చింది. చేపలు బాగుండాయి. బ్యాడ్జి పసుపే. స్పాంజీ జోలికి పోలేదు, ఒట్టు." మళ్లీ చేసి చూడమన్నాను. ఇరవై నిమిషాల తర్వాత చేస్తే సున్న. నేనింకా ఆలోచిస్తుండగానే ఆయనే కారణం పట్టాడు. ట్యూబు మూత సోఫా కిందికి దొర్లిపోయిందంట. బొటనవేలు మూసి ఊపాడు. అంతకు అరగంట ముందు అదే చేత్తో షోకేసు అద్దం తుడిచాడు, నీలం రంగు స్ప్రేతో. సీసా తిప్పి చూస్తే వెనక అమ్మోనియా అని రాసుందంట.

మరుసటి వారం వెళ్లినప్పుడు నోట్‌బుక్కులో ఆ వరుస చూశాను. కొట్టేయలేదు. గంట, పీహెచ్, వేడి అన్నీ వేసి 0.5 అని రాసి, చివరి గడిలో ఎర్ర ఇంకుతో "బొటనవేలు" అని రాసుకున్నాడు.